పుదుచ్చేరి ప్లీడరు పనితనం

పుదుచ్చేరిని ఫ్రెంచివాళ్ళు ఓ కాలువతో రెండుగా విడగొట్టారు. సముద్రం వైపు తెల్లవాళ్ళ పేట, పడమట నల్లవాళ్ళ పేట. ఆ విభజన కోర్టు గుమ్మం దాకా పాకింది. మన దుస్తుల్లో వచ్చిన మనిషి యూరోపియన్ బూట్లతో జడ్జి ముందు నిలబడకూడదు. 1873లో పొన్నుతంబి పిళ్ళై అనే ప్లీడరు సరిగ్గా అలాగే నిలబడ్డారు. విప్పమన్నారు. ఆయన విప్పలేదు.

ఆ ధైర్యం గొప్పదే. అంతకన్నా గొప్పది అందులోని పనితనం. మంచి వడ్రంగి కర్ర నార చూసుకుని ఉలి పెట్టినట్టు, వ్యవస్థ ఎక్కడ చీలుతుందో చూసి మరీ ఆయన బూట్ల మీద పట్టుబట్టారు. బూట్లు తొడుక్కోవడం నేరం కాదు, ఎవరికీ నష్టం కాదు, ప్లీడరు వాదనకు అడ్డమూ కాదు. వాటిని వద్దనడానికి ఒంటి రంగు తప్ప మరో కారణం వెతికినా దొరకదు. వివక్షకు ఏ ముసుగూ మిగలని చోటు అది.

తర్వాత నడిచిన దారి చూడండి. వ్యాజ్యాన్ని ప్యారిస్‌లోని కసాసియోన్ కోర్టు దాకా తీసుకెళ్ళారు. ఫ్రాన్సులో అంతకు మించిన అప్పీలు కోర్టు లేదు. ఆ కోర్టు సాక్ష్యాలను మళ్ళీ తిరగెయ్యదు. కింది కోర్టు చట్టాన్ని సరిగ్గా అన్వయించిందా లేదా అన్నదే చూస్తుంది. అంటే పుదుచ్చేరిలో ఎంతో బరువున్న ఆనవాయితీ, దొరల మర్యాద అక్కడ పనికిరావు. తీర్పు పొన్నుతంబి పక్షాన వచ్చింది. తెల్లవాళ్ళ చట్టాన్ని వాళ్ళ చేతే ఆయన అమలు చేయించారు.

1881 సెప్టెంబరు 21న వచ్చిన డిక్రీ ఈ కథలో రెండో మెట్టు. 21 ఏళ్ళు నిండిన ఆడా మగా ఎవరైనా, ఏ కులం ఏ మతమైనా, తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రావచ్చు. అధికారి ముందు పత్రం రాయించి, తనకూ తన సంతానానికీ ఓ ఇంటిపేరు ఎంచుకోవాలి. ఒకసారి రాస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు. పొన్నుతంబి ముందుండి లాపోర్త్ అనే ఇంటిపేరు తీసుకున్నారు. ఆయన వెళ్ళాళ కులస్థుడు, పరువు కోసం ఆ పత్రం అక్కర్లేనివాడు. కానీ ఆ దారిన ఎక్కువగా నడిచింది దళితులు, క్రైస్తవులు. కులం తోక లేని ఇంటిపేరు చట్టబద్ధంగా చేతికి రావడం వాళ్ళకు చిన్న విషయం కాదు. మన యానాం కూడా ఆ డిక్రీ పరిధిలోదే.

సొంత ఆచారాన్ని వదిలితే తప్ప సమానత్వం ఇవ్వననడం ఆ డిక్రీలోని లోపం. పైగా 1884లో ఓటర్లను యూరోపియన్లు, ఆచారం వదిలినవాళ్ళు, వదలనివాళ్ళు అని మూడు జాబితాలు చేశారు. తలుపు తెరిచినట్టే తెరిచి లోపల మళ్ళీ గోడ కట్టారు.

1873 తర్వాత ఇరవై ఏళ్ళకు, 1893లో డర్బన్ కోర్టులో తలపాగా తియ్యమంటే గాంధీ లేచి బయటికి నడిచారు. ఎక్కడైనా జాత్యహంకారం ముందు మనిషి ఒంటి మీదికే వస్తుంది, తల దగ్గరో కాళ్ళ దగ్గరో వంచాలని చూస్తుంది. అలాంటి అవమానాన్ని సొంత పగగా మిగుల్చుకోకుండా నలుగురికీ పనికొచ్చే హక్కుగా మలచడం అరుదైన విద్య. ఆ విద్యలో పొన్నుతంబి ఆరితేరినవారు. పౌరహక్కుల చరిత్ర చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ ఆయన పేరు తెలిసి తీరాలి.