బోనులో పుట్టిన గిబ్బన్ అడవికి చేరేనా?

"అంకుల్! అడవిలో చెట్లు నరికేస్తున్నారు, వేటగాళ్ళు చంపేస్తున్నారు. జూలో తిండికి లోటుండదు, డాక్టరుంటాడు. మరి ఏప్‌లన్నిటినీ జూల్లోనే పెంచితే సరిపోదా?"

ఢిల్లీలో మేముండే సాకేత్‌లో తొమ్మిదో తరగతి చదివే ఒక తెలుగబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. పెద్దవాళ్ళలోనూ చాలామంది జూలో పిల్ల పుట్టిందన్న వార్త చదివి, ఆ జాతికి ఇక ఢోకా లేదనుకుంటారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షిద్దాం.

మనం కోతులతో కలిపేస్తాంగానీ ఏప్‌లు వేరు. వీటికి తోక ఉండదు. గొరిల్లా, చింపాంజీ, బొనోబో, ఒరాంగుటాన్, గిబ్బన్ ఈ కోవలోవే. మన దేశపు అడవుల్లో ఉన్న ఏప్ ఒక్కటే: ఈశాన్య రాష్ట్రాల హూలాక్ గిబ్బన్.

ఢిల్లీ జూలో రీటా అనే చింపాంజీ ఉండేది. 1960లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో పుట్టి, 2019 అక్టోబరులో ఢిల్లీలో చనిపోయింది. అడవి చింపాంజీల్లో అంతకాలం బతికేవి అరుదు. పోషణకు మంచి మార్కులు వేయాల్సిందే. కాని అది పుట్టిందీ జూలోనే, పోయిందీ జూలోనే. ఒక ప్రాణిని కాపాడటం వేరు, ఒక జాతిని కాపాడటం వేరు.

జూలు అడవిలో జరిగే సంరక్షణకు తోడ్పడాలని 1998 నాటి జాతీయ జూ విధానం చెబుతోంది. ఆ కొలబద్దతోనే గిబ్బన్ సంగతి చూద్దాం.

మొదట లెక్క. ఆడ హూలాక్ ఈడుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. ఆపైన రెండు మూడేళ్ళకొక కాన్పు, కాన్పుకొకే పిల్ల. జంట కుదిరి అంతా సవ్యంగా జరిగినా పదేళ్ళలో పుట్టేవి మూడో నాలుగో పిల్లలు. అడవిలో కొన్ని కుటుంబాలు పోతే బోనులు ఆ లోటు పూడ్చలేవు.

రెండోది చదువు. ఏ పండు ఎప్పుడు పండుతుందో, ఏ కొమ్మ బరువు మోస్తుందో పిల్ల తల్లిదండ్రుల వెంట తిరిగి నేర్చుకోవాలి. బోనులో ఆ బడి లేదు. పైగా అక్కడ పెరిగిన పిల్లకు మనిషంటే భయముండదు. వేటగాడికి కావలసిందీ అదే.

బ్రెజిల్‌లోని గోల్డెన్ లయన్ టామరిన్‌ల మాటేమిటని మీరడగవచ్చు. జూల్లో పుట్టినవాటిని 1984 నుంచి అడవిలో వదిలారు. మొదట్లో చాలా చచ్చిపోయినా, చివరికి జాతి నిలదొక్కుకుంది. నిజమే. కాని అవి చిన్న కోతులు. సాధారణంగా కవలల్ని కంటాయి, త్వరగా ఈడుకొస్తాయి. పైగా అక్కడ మిగిలిన అడవికి రక్షణ కల్పించారు. ఆ చివరి షరతు మరువకూడదు.

మూడోది జన్యువులు. అరుణాచల్‌లోని కొన్ని గిబ్బన్‌లను తూర్పు హూలాక్ అనే వేరే జాతిగా భావించేవారు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ.ను పరిశీలించి, అవి కూడా పశ్చిమ హూలాక్‌లేనని 2021లో తేల్చారు. అసలు తూర్పు జాతి సుమారు 15 లక్షల ఏళ్ళ కిందటే వేరుపడిందట. ఇది తెలియకుండా జతకూర్చబోతే, ఒకే జాతిని రెండుగా విడదీసి, ఉన్న కొద్ది జంతువుల్లోనే దగ్గరి బంధువులను జతచేయాల్సి రావచ్చు. ప్రయోగశాల జాతికి చేసే నిజమైన సాయం ఇలాంటిది.

ఇక అడవి. అస్సాంలో జోర్హాట్ దగ్గరి హొల్లొంగాపార్‌ను 1997లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 21 చదరపు కిలోమీటర్లే. చుట్టూ టీ తోటలు, నడుమ రైలు మార్గం. గిబ్బన్ చేతులతో కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ పోతుంది, నేలకు దిగడం బహు అరుదు. కొమ్మలు కలవని చోట రైలు పట్టాలు దానికి పెద్ద ఏరుతో సమానం. అలా విడిపోయిన అడవిలో జూ పిల్లను వదిలితే, ఉన్న ఇరుకుకే మరొకటి తోడవుతుంది.

అయితే జూలు దండగా? కాదు. వేటగాళ్ళ నుంచి విడిపించిన అనాథలకు ఆశ్రయం కావాలి. వైద్యం, పరిశోధన, పిల్లల్లో ఆసక్తి, అన్నీ అక్కడే మొదలవుతాయి. కాని వాటిని అడవికి ప్రత్యామ్నాయంగా చూపడం పొరపాటు. రెంటిలో ముందుగా డబ్బు ఖర్చు పెట్టవలసింది తెగిన కొమ్మలను కలపడానికే.

ఈసారి జూలో ఏప్ పిల్ల పుట్టిందని చదివితే మూడు ప్రశ్నలు వేయండి. దాని తల్లిదండ్రుల వంశం తెలుసా? దానికి అడవి బతుకు నేర్పేదెవరు? వెళ్ళడానికి అడవి మిగిలిందా? మూడో ప్రశ్నకు జవాబు 'లేదు' అయితే, మొదటి రెంటికీ ఎంత మంచి జవాబున్నా ఆ పిల్ల జీవితమంతా బోనులోనే గడవాలి.