బాబూఘాట్ క్షురకుడు

కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున రాణీ రాస్‌మణి భర్త రాజ్‌చంద్ర దాస్ 1830లో కట్టించిన ఘాట్ బాబూఘాట్. ఇక్కడి క్షురకుడికి ఏసీ లేదు, అద్దాల గది లేదు. అందుకే తక్కువ ఇస్తే చాలనుకుంటారు చాలామంది. తండ్రి పోయిన కొడుకు తల వంచి కూర్చుంటే, గాటు పడకుండా గుండు చేయడం మాటలా! జుట్టు బాగా తడిపి, వేళ్లతో మర్దించి, వెంట్రుక వాలు చూసి కత్తి నడపాలి; చెవి వెనక, మెడ గుంట దగ్గర చెయ్యి నెమ్మదించాలి. ఎదుటివాడి దుఃఖానికి తగ్గట్టు మాట కూడా తగ్గించాలి. దానికి రేటు ఏ బోర్డు మీదా ఉండదు. మన పల్లెల్లో ఏడాది పొడవునా చేసిన క్షవరాలకు కళ్లంలో ధాన్యం మేరగా కొలిచేవారు. ఎంతన్నది పనివాడు చెప్పేది కాదు. ఇక్కడ ధర పనివాడే చెబుతాడు. నాకైతే ఇదే నచ్చింది. బేరమాడేవాళ్లు ముందు మాల్‌లోని సెలూన్‌లో ఆడి రావాలి.