చివరి చుక్క కారేదాకా

ఎలక్ట్రోప్లేటింగ్‌లో మురుగు ఎక్కువగా పుట్టేది జాడింపులోనే. నికెల్ తొట్టిలోంచి పైకి తీసిన కుళాయిని ద్రావణం పలచని పొరగా అంటిపెట్టుకుని వస్తుంది. దాన్ని కడిగిన నీరే లోహాన్ని మోసుకుపోతుంది. బెంగళూరు శివారు కాడుగోడి దుకాణాల్లో తళతళలాడే క్రోమియం కుళాయిల అడుగునా ఉన్నది ఆ నికెల్ పూతే.

ఈ ఊరి తూర్పున దక్షిణ పినాకిని ఉంది. నెల్లూరు పెన్నకు తోబుట్టువైన ఆ నది నందికొండల్లో పుట్టి, హోస్కోటె మీదుగా హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. ఎగువన కలిసింది దిగువ పొలాలకు పారుతుంది.

అందుకే ప్లేటింగ్ మురుగును శుద్ధి చేయాలి. అందులో మొదటి పని ఏ నీటికా నీటిని విడదీయడం. కొన్ని పూతల నుంచి వచ్చే సయనైడ్ నీరు ఆమ్లంతో కలిస్తే ప్రాణాలు తీసే వాయువు పుడుతుంది. అందుకే దాన్ని క్షారంలో ఉంచి హైపోక్లోరైట్‌తో విరగ్గొడతారు. విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియాన్ని పీహెచ్ 2-3 దగ్గర మెటాబైసల్ఫైట్‌తో మూడు వేలెన్సీకి మార్చి, సున్నం కలిపి మడ్డిగా దించుతారు. నదుల్లోకి వదిలే నీటిలో లీటరుకు ఆరు వేలెన్సీ క్రోమియం 0.1, నికెల్ 3 మిల్లీగ్రాములు దాటకూడదు. నీరు తేరుతుంది కానీ, లోహం ప్రమాదకరమైన మడ్డిలో చిక్కుకుపోతుంది.

లోహాన్ని మడ్డిలో కలవకముందే తిరిగి రాబట్టడానికి అయాన్ మార్పిడి రెజిన్ ఉంది. జాడింపు నీటిలోని నికెల్‌ను అది పట్టి ఉంచుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే నికెల్ సల్ఫేట్‌గా వదులుతుంది. అసలు రాబడి ఇదేననిపిస్తుంది.

అంతకన్నా పెద్ద రాబడి బట్టలు జాడించే బకెట్లలో కనిపిస్తుంది. 2024 వేసవి నీటి ఎద్దడిలో ఇక్కడ ట్యాంకర్ నీళ్లు కొన్న ఇళ్లకు ఈ పొదుపు తెలుసు: చివరి బకెట్ నీళ్లతో తర్వాతి విడత బట్టలకు మొదటి జాడింపు. ప్లేటింగ్‌లోనూ అంతే. అంటుకొచ్చిన ఒక లీటరు ద్రావణాన్ని వెయ్యింతలు పలచన చేయాలంటే ఒక్క తొట్టికి వెయ్యి లీటర్లు కావాలి. నీరు వస్తువుకు ఎదురు నడిచే రెండు తొట్లయితే సుమారు 32, మూడయితే 10 లీటర్లు చాలు. అలా చిక్కబడిన నీరు, వేడి నికెల్ తొట్టిలో ఆవిరైన నీటి లోటును పూడుస్తుంది. మలినాలూ దాంతోపాటే తిరిగొస్తాయి కనుక తొట్టి ద్రావణాన్ని తరచూ శుభ్రపరచాలి.

వీటన్నిటికన్నా ముందున్న పని, వస్తువును తొట్టి మీదే కాసేపు ఆపి కారనివ్వడం. మిగిలిన కొద్దిపాటి లోహానికే రెజిన్, ఆ తర్వాతే సున్నం.