పద్యసంఖ్య, లంకె, పాఠం: అంతర్జాల ఆధారాల నిర్దేశంలో ఒక లోపం

ఆంధ్రమహాభారత రచనలో నన్నయ ఎక్కడ ఆగాడన్న ప్రశ్నకు సాహిత్యచరిత్రలో స్థిరపడిన సమాధానం ఒక సంఖ్య: అరణ్యపర్వం, నాలుగవ ఆశ్వాసం, 142వ పద్యం. శరద్రాత్రులను వర్ణించే ఆ పద్యం వరకు నన్నయ రచన, ఆ తరువాతి పర్వశేషం ఎఱ్ఱన పూరణ. పర్వం, ఆశ్వాసం, పద్యం అనే ఈ మూడు మెట్ల గుర్తుకు పుట సంఖ్యతో పని లేదు. ఇద్దరు పరిశోధకుల చేతుల్లో వేర్వేరు ముద్రణలున్నా చర్చ ఒకే పద్యం దగ్గర జరుగుతుంది. పాశ్చాత్యులు ప్లేటో సంభాషణలను 1578 నాటి స్టెఫానస్ ముద్రణ పుటసంఖ్యలతో నేటికీ సూచించడం ఇటువంటిదే. అయితే అక్కడ గుర్తు ఒక ముద్రణనుంచి పుట్టింది. తెలుగు కావ్యాలలో ఆశ్వాస విభజన కవి చేసినదే.

ఇంత సూక్ష్మమైన సంప్రదాయం ఉన్న భాషలో, అదే కావ్యం అంతర్జాలంలోకి వచ్చేసరికి నిర్దేశం మొరటుబారింది. వ్యాసం చివర వెబ్ పుట చిరునామా, చూసిన తేదీ ఇచ్చి ఊరుకోవడం పరిపాటి. వందల పద్యగద్యాలున్న ఆశ్వాసమంతా ఒకే పుటగా ఉన్నప్పుడు ఆ చిరునామా చదువరిని అవతారిక దగ్గరో, మొదటి పద్యం దగ్గరో దింపి వెళ్లిపోతుంది. కర్తృత్వ నిర్ణయం వంటి విషయంలో 142కూ 143కూ మధ్య ఉన్న గీతే వాదానికి ఆయువుపట్టు. ఆ గీతను చూపని ఆధారం పేరుకే ఆధారం. సమీక్షకుడు దానిని సరిచూడలేక నమ్మవలసి వస్తుంది.

సాంకేతికంగా ఈ లోపానికి విరుగుడు వెబ్ తొలినాళ్లనుంచీ ఉంది. పుటలోని ఒక భాగానికి ఐడీ అనే గుర్తు ఇచ్చి, చిరునామా చివర హాష్ చిహ్నంతో దానిని చేరిస్తే లంకె నేరుగా అక్కడికే తెరుచుకొంటుంది. హాష్ తరువాతి భాగం సర్వర్‌కు చేరదు. చోటు వెతికే పని బ్రౌజర్‌దే. ఆ గుర్తు పుటలో లేకపోతే దోషసందేశం రాదు, పుట మాత్రం మామూలుగానే తెరుచుకొంటుంది. అందువల్ల లంకె పనిచేస్తున్నదని సరిచూసినవారికి కూడా, అది చూపవలసిన పద్యాన్ని చూపడం లేదన్న సంగతి తెలియకపోవచ్చు.

ఐడీ లేని పుటల కోసం, కావలసిన పదాలనే చిరునామాలో చేర్చే పద్ధతి తరువాత వచ్చింది. అది 2020లో క్రోమ్‌కు, 2022లో సఫారీకి, 2024లో ఫైర్‌ఫాక్స్‌కు చేరింది. వార్తాకథనాలకూ వచన వ్యాసాలకూ ఇది చక్కగా సరిపోతుంది. పద్యకావ్యం దగ్గర మాత్రం తడబడుతుంది. ఈ పద్ధతి పూర్తి పదాల హద్దులను పాటిస్తుంది. ఒక సంపాదకుడు ‘వాడెక్కడ’ అని కలిపి అచ్చువేసిన చోట మరొకరు ‘వాడు ఎక్కడ’ అని విడదీస్తే లంకె తెగుతుంది. ‘ఎఱ్ఱన’ అని వెతికితే ‘ఎర్రన’ దొరకదు. వృత్తపద్యంలో పదం పాదాంతంలో విరిగి తరువాతి పాదంలోకి సాగడం సర్వసాధారణం. పాదాలను వేర్వేరు పంక్తులుగా అమర్చిన పుటలో కలిపిరాసిన పదం చిక్కదు. పైగా చిరునామాలో ప్రతి తెలుగు సంకేతం తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. ‘అరణ్యపర్వం’ అన్న ఒక్క మాటకే 90 అక్షరాలు! అచ్చు పుటలో అటువంటి చిరునామాను చూసి టైపు చేసే ఓపిక ఎవరికుంటుంది?

ఇవన్నీ సవరించదగిన చిక్కులే. అసలు అభ్యంతరం వేరే ఉంది. పాఠపరిష్కరణలో వివాదం పదం మీదనే. ఏ పాఠం గ్రాహ్యమన్నది తేలవలసిన చోట, ఆ పాఠాన్నే చిరునామాగా పెట్టడం తేలని విషయాన్ని తేలినట్లు స్వీకరించడమే. రేపు ఆ పుట సంపాదకుడు మెరుగైన పాఠాన్ని స్వీకరించిన మరుక్షణం పాతపాఠాన్ని చర్చించిన వ్యాసాల లంకెలన్నీ గురి తప్పుతాయి. పద్యసంఖ్యకు ఈ ప్రమాదం లేదు; పాఠం మారినా 142వ పద్యం 142వ పద్యమే.

అలాగని సంఖ్య కూడా నిర్దోషం కాదు. ప్రక్షిప్తమని ఒక పరిష్కర్త తొలగించిన పద్యాన్ని మరొకరు నిలిపితే, ఆపైన వచ్చే సంఖ్యలన్నీ ఒకటి జరుగుతాయి. కాబట్టి ఏ ముద్రణ ఆధారంగా పాఠాన్ని ఎక్కించారో చెప్పని వెబ్ పుట ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు అక్కరకు రాదు. కావ్యాలను అంతర్జాలంలో ఉంచేవారు ప్రతి పద్యానికీ పర్వ, ఆశ్వాస, పద్య సంఖ్యలనే ఐడీగా ఇచ్చి, మూలముద్రణ పేరును పుట తలపై చూపడం కష్టమైన పనేమీ కాదు. పాఠాన్ని ఎక్కించేటప్పుడు ఆ సంఖ్యలను ఎలాగూ టైపు చేస్తున్నారు. కాకపోతే అవి కంటికి కనిపించే అంకెలుగానే మిగిలిపోతున్నాయి. అంతవరకు వ్యాసకర్తలు లంకె పక్కన పద్యసంఖ్యనూ ముద్రణనూ మాటల్లో రాయాలి. పత్రికలు దానిని నియమంగా అడగాలి.