రాగ, మూర్ఛనా, శ్రుతి శబ్దముల యర్థవిచారము

సంగీతశాస్త్రమునందలి పారిభాషికపదములకు అర్థము చెప్పువారిలో కొందఱు ధాతువును మాత్రమే పట్టుకొందురు. మఱికొందఱు గాయకుల వ్యవహారమును మాత్రమే గ్రహింతురు. ఏ పదమున దేనికి ప్రాబల్యమో విడివిడిగా విచారింపక తప్పదు.

రాగశబ్దమున వ్యాకరణము మిక్కిలి యుపకరించుచున్నది. రంజధాతువుపై ఘఞ్ ప్రత్యయము వచ్చినపుడు భావకరణార్థములందే నకారలోపమని పాణిని విధించెను. కావున దేనిచే రంజన కలుగునో అది రాగము. ఎందు జనులు రంజిల్లుదురో ఆ చోటు, నకారలోపము లేక, రంగము. రెండును ఒక్క ధాతువు బిడ్డలే. ఇది యెఱిగిన విద్యార్థి ఆరోహణావరోహణములను వల్లించినంతనే రాగము తెలిసినదని యనుకొనడు.

మూర్ఛన యనగానే లోకమునకు సొమ్మసిల్లుట తోచును. శ్రోతలు మైమఱచుటచే నీ పేరు వచ్చినదనుట సరసముగానే యున్నది గాని సాధువు గాదు. ధాతుపాఠమున మూర్ఛధాతువునకు మోహముతోపాటు సముచ్ఛ్రాయము, అనగా పైకి పెరుగుట, అర్థముగా జెప్పబడినది. సప్తస్వరముల క్రమసంచారమునకు ఈ రెండవ యర్థమే తగును. భరతుడు రెండు గ్రామములందు ఏడేసి చొప్పున 14 మూర్ఛనలను జెప్పెను. దాక్షిణాత్యులు పిమ్మట ఆరోహణావరోహణక్రమమునకే ఆ పేరు వాడిరి.

శ్రుతిశబ్దమునందు మాత్రము వ్యాకరణము చేతులెత్తును. వినబడునది యను వ్యుత్పత్తి వేదమునకును నాదమునకును సమానమే. శాస్త్రమున స్థాయికి 22 శ్రుతులు. షడ్జగ్రామమున స-మ-పలకు నాలుగేసి, రి-ధలకు మూడేసి, గ-నిలకు రెండేసి. ఇంతవఱకు నిర్వివాదము. కాని 1919లో విజయనగరమున వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైన సంగీతకళాశాలలో గాని, మఱెక్కడ గాని, గురువు శిష్యునకు తంబురా నిచ్చి శ్రుతి చేయుమన్నచో, 22 శ్రుతులను బలికింపుమని యెవ్వరును గ్రహింపరు. ఆధారషడ్జమును నిలుపుటయే దాని యర్థము. ఇది గాయకుల యజ్ఞానమని కొందఱు పండితులు నవ్వుదురు. ఆ నవ్వు తగదు. శ్రుతి మించి రాగాన బడినదని తెలుగువారు హద్దు దాటిన మాటను గూర్చి యందురు. ఇందు 22 శ్రుతులలో నొకదానిని జొప్పించినచో పలుకుబడి నిరర్థకమగును. నౌపడ మొదలు విజయనగరము వఱకు గల సీమలో పెండ్లి సన్నాయి విన్నవారికి వేఱు సాక్ష్య మక్కఱలేదు. రాగము పలుకక ఒక్క స్వరమునే యెడతెగక పట్టియుండు వాద్యమునకు సుతి యని పేరు. తద్భవమున నిలిచినది ఈ యర్థమే.

కావున తెలుగు నిఘంటువున శ్రుతికి ఆధారస్వర మను నర్థము ముందును, శాస్త్రోక్తమైన 22 శ్రుతుల యర్థము దాని పిమ్మటను ఉండదగును.