నాలుగు కమలాలు, ఒకే వాకిలి

నెలగంట పడిందంటే చిక్కడపల్లిలో మా గల్లీకి తెల్లారకముందే మెలకువ వస్తుంది. పేడకళ్లాపి ఎప్పుడో పోయింది. రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి, స్కూటర్ల నడుమ మిగిలిన చోటే వాకిలి అనుకోవాలి. ఆ ఇరుకులో నా చేతికొచ్చేది హృదయ కమలం ముగ్గు.

నడిమి చుక్క చుట్టూ ఎనిమిది వరుసలు, వరుసకు ఐదు చుక్కలు. మొదటి వరుసలో 1వ చుక్క దగ్గర మొదలుపెట్టి, పక్క వరుసలో 3, ఆ పక్కన 5, తర్వాత 2, 4, మళ్లీ 1. ఒక చుట్టు తిరిగొస్తే మొదటి వరుసలోనే 2వ చుక్క ఎదురవుతుంది. అలా ఐదు చుట్లకు 40 చుక్కలూ తాకి గీత మొదటికొస్తుంది. ఎనిమిదినీ ఐదునూ రెంటినీ భాగించే అంకె ఒకటి తప్ప లేదు కనుక ఈ సొగసు. వరుసలు పది చేస్తే ఒక్క చుట్టుకే 1వ చుక్క దగ్గర తేలతాం. ఒక్క దండ కాస్తా ఐదు విడి దండలవుతుంది.

ఇవన్నీ పక్కపక్కన చూడాలంటే మా వాకిలి చాలదు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న మా చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ తెరిచింది. బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సబ్‌ప్లాట్స్ అడ్డం రెండు, నిలువు రెండు అని, ప్రొజెక్షన్ పోలార్ అని చెబితే ఒకే బొమ్మలో నాలుగు గుండ్రటి గళ్లు వచ్చాయి. ఎనిమిది వరుసలది, పదిది, ఏడుది. నాలుగోది ఎనిమిది వరుసలదే కానీ వరుసకు ఏడు చుక్కలు.

ఎనిమిది వరుసలంటే 45 డిగ్రీల ఎడమే కదా అన్నాను. "డిగ్రీలు కాదు పెద్దమ్మా, రేడియన్లు. 0.785 అనాలి." కంప్యూటర్‌కు మొదటి వరుస కుడి పక్కన, నాకేమో గడపకెదురుగా. అదీ మార్చింది. చుక్కల మధ్య గీతలు సూదుల్లా తిన్నగా వచ్చాయి. నడుమ మరికొన్ని బిందువులు ఇస్తే గానీ రేకకు వంపు రాలేదు. చేతికి ఆ లెక్క చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు కొలతలో. గడి గడికీ వ్యాసార్థం దానంతటదే సర్దుకునేసరికి, ఏడు చుక్కల కమలం, ఐదు చుక్కలది ఒకే ఎత్తున కనిపించాయి. అది కంటికి అబద్ధం. చుక్కకూ చుక్కకూ రెండు వేళ్ల ఎడం అని మా అమ్మ పట్టిన పట్టు ఇదే: వాకిట్లో ఎన్ని ముగ్గులున్నా ఎడం ఒకటే. నాలుగు గళ్లకూ ఒకే గరిష్ఠ వ్యాసార్థం ఇచ్చాక పెద్దది పెద్దదిగా, చిన్నది చిన్నదిగా నిలిచాయి. పైనున్న కోణాల అంకెలు శీర్షికలకు తగలకుండా గళ్ల మధ్య జాగా పెంచింది.

ముగ్గును కంప్యూటర్ శాస్త్రం పట్టించుకోవడం కొత్త కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, సహచరులు 1970లలోనే తమిళ ముగ్గులైన కోలాల నుంచి చిత్రాల వ్యాకరణాలు కట్టారు.

నారాయణగూడలో రంగుల ప్రింటు తీయించాం. పది వరుసలదాన్ని ఇన్నాళ్లూ తెగిన ముగ్గు అనుకున్నాను. మర్నాడు దాన్నే వేసి, ఐదు దండలకూ ఐదు రంగులు పోశాను.