అమ్మ ఇల్లు, నాన్న పొలం

పాత ఇంటిని ఊడబెరికి వేరేచోట నిలబెడితే నాకు ఒళ్లు మండుతుందని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ వారం డెట్రాయిట్‌లో ఉండే మా మేనల్లుడు, పాత ఇళ్లను తరలించి నిలబెట్టిన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మ్యూజియం చూసొచ్చి, కార్ల హెన్రీ ఫోర్డ్ పుట్టిన ఇంటి ఫొటోలు పంపాడు. తెల్లటి చెక్క ఇల్లు, ముచ్చటగా ఉంది. తీరా చూస్తే అదీ పుట్టినచోట లేదు. 1944లో అక్కడికి తరలించారట. సరే, మొదలైంది నా సణుగుడు.

హెన్రీ తండ్రి విలియం ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతం కౌలురైతు కొడుకు. బంగాళాదుంప పంట కుళ్లి జనం ఆకలికి మాడిపోతున్న రోజుల్లో, 1847లో, ఇంటిల్లిపాదీ ఓడెక్కారు. అప్పటికే మిషిగన్‌లో బాబాయిలు అడవి కొట్టుకుని స్థిరపడ్డారు. విలియం వడ్రంగం చేసి, పైసా పైసా కూడబెట్టి భూమి కొన్నాడు. కౌలురైతుకు పుట్టినవాడికి సొంత భూమంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పాలా! 1863లో పుట్టిన హెన్రీకి మాత్రం పొలం పనంటే గిట్టదు. పదహారేళ్లకే పట్నం పారిపోయాడు. ఎలాగైనా సేద్యంలో దింపుదామని తండ్రి 80 ఎకరాల అడవి ఇస్తే, కొడుకు చెట్లు కోసి కలప అమ్ముకున్నాడు. కలప అయిపోగానే మళ్లీ డెట్రాయిట్.

చరిత్ర ఒట్టి చెత్త అని 1916లో కొట్టిపారేసిన పెద్దమనిషే 1919లో, రోడ్డు వెడల్పు చేస్తే తాను పుట్టిన ఇల్లు పోతుందని తెలిసి, దాన్ని వెనక్కి జరిపించి బాగుచేయించాడు. ఎలాగనుకున్నారు? పెరడు తవ్వించి, దొరికిన పింగాణీ పెంకులను బట్టి అమ్మ వాడిన పళ్లేలు మళ్లీ చేయించాడు. చిన్నప్పుడు చలి కాచుకున్న స్టార్‌లైట్ స్టవ్ లాంటిదే కావాలని వెతికించి వెతికించి పట్టుకున్నాడు. ఏ పురావస్తు శాఖ అంత చాదస్తం పడుతుంది?

తల్లి మేరీ 1876లో పోయింది. అప్పటికి హెన్రీకి పన్నెండేళ్లు. ఇంటిని సరిగ్గా ఆ ఏడాది దగ్గరే ఆపాడు. ఇలాంటి ఇల్లు ఎక్కడ నిలబెడితే ఏం? తరలించినందుకు నాకిప్పుడు కోపం లేదు.

కోపమల్లా విలియం తరఫున. 1905 దాకా బతికాడాయన. భార్య పోయాక ఆయన గడిపిన ఇరవైతొమ్మిదేళ్లకు ఆ ఇంట్లో చోటు లేదు. ఓడ దిగి సంపాదించుకున్న పొలమేమో, ఇంటితో పాటు తరలివెళ్లే వస్తువు కాదాయె.